అల్సరేటివ్ కొలైటిస్: రక్తం ఆగిపోయాక కూడా మందులు వాడుతూ ఉండాలా?

పటమట లెక్చరర్, విజయవాడ
మే 4, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 34 సంవత్సరాలు. విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. పోయిన శ్రావణ మాసంలో నాకు మలంతో పాటు రక్తం, జిగురు పడడం మొదలైంది. మొదట చూపించుకున్న చోట మొలలని చెప్పి పూతమందు ఇచ్చారు. రెండో చోట అమీబా విరేచనాలన్నారు, మెట్రోనిడజోల్ రెండు విడతలు వాడించారు. అలా నాలుగు నెలలు గడిచాయి. రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు వెళ్లవలసి వచ్చి, బరువు 71 కిలోల నుంచి 62కి పడిపోయాక, డిసెంబరులో జీర్ణకోశ వ్యాధుల నిపుణుడి దగ్గరకు వెళ్తే, ఆయన కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపి, పెద్దపేగు ఎడమ భాగమంతా వ్యాపించిన అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) అని తేల్చారు.

ఆ రోజుల్లో పాఠం చెబుతూ సమీకరణం సగం రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలకు ఏమీ చెప్పకుండానే మెట్లు దిగి పరుగెత్తిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మూడో అంతస్తు నుంచి మరుగుదొడ్డికి 54 మెట్లు. ఆ లెక్క నాకు ఇప్పటికీ మరపు రాదు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గిస్తూ ఫిబ్రవరిలో ఆపించారు. మెసాలమైన్ మాత్రలు మొదట రోజుకు 4.8 గ్రాములు, మార్చి నుంచి 2.4 గ్రాములు. దానితో పాటు రాత్రి పడుకునేటప్పుడు ఒక గ్రాము సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే మందు) పెట్టుకోమన్నారు. రెండు నెలలుగా రక్తం లేదు, రోజుకు ఒక్కసారే వెళ్తున్నాను, బరువు కూడా 68కి వచ్చింది.

ఇంట్లో ఇప్పుడు వేరే మాట నడుస్తోంది. తగ్గిపోయిన జబ్బుకు ఇంకా మందులేమిటని మా అమ్మ, ఎక్కడో పసరు మందు ఇస్తారని మా పెద్దమామయ్య. నిజం చెప్పాలంటే పోయిన వారం ఆరు రోజులు సపోజిటరీ మానేశాను, మాత్రలు కూడా రెండు రోజులు మరిచిపోయాను, ఏమీ కాలేదు. ఈ మందులు ఎంతకాలం వాడాలి? మానితే నిజంగా తిరగబెడుతుందా, లేక అది భయపెట్టే మాటేనా? ఈ సంగతి డాక్టరు గారికి చెప్పాలంటే మొహమాటంగా ఉంది.

బ్రాడీపేట విశ్రాంత ఉద్యోగి, గుంటూరు
మే 4, రాత్రి 10:55

లెక్చరర్ గారూ, నాకు ఈ జబ్బు 2009లో నిర్ధారణ అయింది. మీరు అడిగిన ప్రశ్నను నేను నన్నే అడుగుకొని, నాకు నేనే తప్పు సమాధానం చెప్పుకొని మూడుసార్లు మందు మానినవాణ్ని. మొదటి రెండు సార్లు స్వల్పంగా పోయింది కాబట్టి మూడోసారి సంగతే రాస్తాను.

2014లో మా అమ్మాయి పెళ్లి. అప్పటికి ఏడాదిన్నరగా ఒక్క చుక్క రక్తం లేదు. పెళ్లి పనుల హడావిడిలో మాత్రలు అయిపోయాయి, మళ్లీ కొనలేదు. మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెల కూడా ఏమీ కాలేదు. అందుకే మీరు ఆరు రోజులు మాని ఏమీ కాలేదన్నప్పుడు నాకు గుండె గుభేలుమన్నది. ఈ జబ్బు మానిన మర్నాడే లెక్క అడగదు. మూడో నెలలో జిగురు కనబడింది, దాన్ని పెళ్లి భోజనాల మీదికి తోశాను. పెళ్లి అయిన పదకొండో రోజున తెల్లవారే లోపల పద్నాలుగు సార్లు వెళ్లాను. జ్వరం, గుండె దడ, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. ఆసుపత్రిలో చేర్చాక హిమోగ్లోబిన్ 7.8 అన్నారు.

తొమ్మిది రోజులు ఉన్నాను. నరం ద్వారా హైడ్రోకార్టిసోన్ రోజుకు నాలుగు సార్లు ఇచ్చారు. రక్తం పోతున్న మనిషికి రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద సూది వేస్తుంటే మా ఆవిడ నర్సుతో పోట్లాటకు దిగింది. పేగు ఇంతగా మండుతున్నప్పుడు కాళ్ల నరాల్లో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుందని, అందుకే ఆ సూది అని డ్యూటీ డాక్టరు కూర్చొని చెప్పాక ఊరుకుంది. రెండో రోజు సర్జన్ గారు కూడా వచ్చి చూసి వెళ్లారు. మూడో రోజుకు స్టిరాయిడ్ పనిచేయకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందో, పెద్దపేగు తొలగించే ఆపరేషనో నిర్ణయించుకోవాలని, అంతకు మించి ఆగడం మంచిది కాదని మా డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు. అదృష్టం బాగుండి మూడో రోజు ఉదయానికి పద్నాలుగు నాలుగైంది, సర్జన్ గారు మళ్లీ రానవసరం లేకపోయింది.

అప్పటి నుంచి నేటి వరకు ఒక్క రోజు మందు మానలేదు, మళ్లీ ఆసుపత్రిలో పడుకోలేదు. పళ్లు తోముకునే బ్రష్షు పక్కన మాత్రల డబ్బా పెట్టుకున్నాను. డాక్టరు గారికి చెప్పడానికి మొహమాటం అన్నారు. నేను చెప్పనందువల్లే నా కథ అంత దూరం వెళ్లింది.

సూర్యారావుపేట మందుల దుకాణం, విజయవాడ
మే 5, ఉదయం 7:15

నేను ఫార్మసిస్టును. మోతాదు విషయం డాక్టరు గారిదే, నేను మందును చూసుకునే పద్ధతి వరకే చెబుతాను.

మెసాలమైన్ మాత్ర మీద ఉండే పూత కడుపులో కరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి అక్కడ విడిపోయేలా చేసింది. కాబట్టి మాత్రను విరిచి గాని నూరి గాని వేసుకోకూడదు. కొన్ని కంపెనీల మాత్రల పైపెంకు మలంలో కనబడవచ్చు. ఎప్పుడో ఒకసారి పెంకు కనబడితే కంగారు అక్కరలేదు, మాత్రలు మాత్రలుగానే రోజూ బయటకు వచ్చేస్తుంటే డాక్టరు గారికి చెప్పాలి. ఒక కంపెనీకి మరో కంపెనీకి పూత వేరుగా ఉంటుంది కనుక, దుకాణంలో అదే మందండీ అని వేరే పేరు ఇచ్చినప్పుడు ఒక్క ఫోను చేసి డాక్టరు గారిని అడగడం నయం.

సపోజిటరీల విషయంలో మన ఊరి ఎండ పెద్ద సమస్య. పోయిన వేసవిలో ఒకాయన మిట్ట మధ్యాహ్నం కొని, స్కూటరు డిక్కీలో పెట్టుకొని, మధ్యలో రెండు పనులు చూసుకొని ఇంటికి వెళ్లి విప్పితే రేకులో వెన్నలా ఉందట. మందు పాడైపోయిందని నా మీదికి వచ్చారు. డబ్బా మీద ఎంత ఉష్ణోగ్రత వరకు ఉంచవచ్చో రాసి ఉంటుంది, మన మే నెలకు అది అందదు. ఇంట్లో చల్లని చోట, లేదా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోండి. కాస్త మెత్తబడినట్లు అనిపిస్తే రేకు విప్పక ముందే చన్నీళ్లలో కొద్దిసేపు ఉంచితే గట్టిపడుతుంది. పూర్తిగా కరిగి ఆకారం పోయిన దాన్ని మాత్రం వాడవద్దు. పెట్టుకునే ముందు మలవిసర్జన చేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకొని, వేలికి నీళ్లు తడి చేసుకొని లోపలికి నెడితే జారిపోదు. బట్టలకు మరకలు పడతాయి కనుక పాత దుప్పటి వేసుకోండి. ఈ మరకల సంగతి ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది వారం రోజులకే మానేస్తారు.

కృష్ణలంక సహజ జీవనం, విజయవాడ
మే 5, ఉదయం 11:30

అందరూ మందులు మింగమనే చెబుతున్నారు. మా బావమరిదికి ఇలాగే రక్త విరేచనాలు పట్టుకుంటే, పల్లెటూరి వైద్యుడి దగ్గర నలభై రోజులు పసరు తాగి, మజ్జిగన్నం పథ్యం చేసి పూర్తిగా బాగుపడ్డాడు. ఆరేళ్లయింది, ఒక్క మాత్ర వేసుకోలేదు. జీవితాంతం మందు అనేది వైద్యం కాదు, వ్యాపారం. అన్నేళ్లు మాత్రలు వేసుకుంటే కిడ్నీలు ఏమవుతాయో కూడా ఎవరూ చెప్పరు. అయినా ఇది చల్లని దేశాల వాళ్ల జబ్బు, మనకెక్కడిది?

సభ్య వైద్యుడు, జీర్ణకోశ విభాగం, గుంటూరు
మే 5, రాత్రి 11:20

లెక్చరర్ గారి రిపోర్టులు నేను చూడలేదు, కాబట్టి మోతాదు గురించి ఏమీ చెప్పను. ఆ చర్చ ఆయన తన డాక్టరుతోనే చేయాలి. అడిగిన ప్రశ్నలకు సాధారణంగా వర్తించే సంగతులు రాస్తాను.

ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థ తన పెద్దపేగు లోపలి పొర మీదికే తిరగబడుతుంది. మలాశయం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. ఎంత దూరం పాకిందనే దాన్ని బట్టి మందు రూపం మారుతుంది. సపోజిటరీ మలాశయం వరకే పనిచేస్తుంది, ఎనీమా ఎడమ భాగం వరకు వెళ్తుంది, మాత్ర అంతటా పనిచేస్తుంది గాని చివరి భాగానికి తక్కువగా చేరుతుంది. అందుకే మాత్ర ఉన్నా కింది నుంచి కూడా మందు ఇస్తాం. రెండూ కలిసి ఇస్తే ఒక్కదానికన్నా మెరుగని పరీక్షల్లో తేలింది. రోగులు మొదట మానేసేది ఆ సపోజిటరీనే, మళ్లీ జబ్బు తలెత్తేది కూడా చాలాసార్లు ఆ చివరి భాగంలోనే.

తగ్గడం అనే మాటకు మూడు మెట్లున్నాయి. మొదట రక్తం ఆగుతుంది, ఆ తరువాత కొలనోస్కోపీలో పుండ్లు మానినట్లు కనబడుతుంది, ఇంకా తరువాత సూక్ష్మదర్శిని కింద కూడా వాపు పోతుంది. రోగికి తెలిసేది మొదటిదే. రెండో మెట్టు ఎక్కామా లేదా అని ప్రతిసారీ కొలనోస్కోపీ చేయకుండా అంచనా వేయడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది. సాధారణంగా గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత, 250 దాటితే లోపల మంట ఉందని అనుమానించాలి. మానితే తిరగబెట్టడం భయపెట్టే మాట కాదు. అమెరికాలో 99 మంది రోగులను గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, మెసాలమైన్ సరిగా వాడని వారికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం, సరిగా వాడిన వారితో పోలిస్తే ఐదు రెట్లు దాటింది.

స్టిరాయిడ్ మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది మంటను ఆర్పే నీళ్లవంటిది, ఏళ్ల తరబడి కాపలా కాసే మందు కాదు. ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం, కంటి శుక్లాలు వంటి ఇబ్బందులు తెస్తుంది కాబట్టి క్రమంగా తగ్గించి ఆపిస్తాం. ఇంట్లో పాత చీటీ ఉంది కదా అని సొంతంగా మొదలుపెట్టడం గాని, ఉన్నట్టుండి ఆపడం గాని ప్రమాదం. స్టిరాయిడ్ లేకుండా నిలవలేని వారికి వేరే మందులకు మారతాం.

కృష్ణలంక సభ్యుడి ప్రశ్నల్లో కిడ్నీ సంగతి న్యాయమైనదే. మెసాలమైన్ వల్ల అరుదుగా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు, ఆ తరువాత ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ చూస్తాం. ఇంకొక అరుదైన సంగతి ఏమిటంటే, కొద్దిమందికి మెసాలమైన్ పడక మొదటి వారాల్లో జ్వరం, రక్తం పెరుగుతాయి. అలాంటప్పుడు దాన్ని ఆపించేదీ మేమే. ఇక మన దేశంలో ఈ జబ్బు లేదనుకోవడం పొరపాటు. 2003లో వెలువడిన పంజాబు సర్వేలోనే లక్ష మందికి 44 మందిలో కనబడింది. రక్త విరేచనాలన్నీ కొలైటిస్ కావు. అమీబా వల్లనో, బాక్టీరియా వల్లనో వచ్చినవి పసరు తాగినా, తాగకపోయినా చాలావరకు తగ్గిపోతాయి. మీ బావమరిదికి కొలనోస్కోపీ, ముక్క పరీక్ష జరిగాయా? అవి లేకుండా ఏ జబ్బు తగ్గిందో చెప్పలేం. పసుపులోని కర్క్యుమిన్ మీద పరిశోధనలు జరిగాయి. మెసాలమైన్‌తో పాటు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు కొన్నింటిలో ప్రయోజనం కనబడింది, అదీ మెసాలమైన్‌కు తోడుగానే, బదులుగా కాదు. ఏముందో రాయని పొట్లాల్లో స్టిరాయిడ్, సీసం, పాదరసం బయటపడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి కనుక, అటువంటిది వాడుతుంటే దయచేసి డాక్టరుకు దాచవద్దు.

రోజుకు ఆరు సార్లు గాని, అంతకు మించి గాని రక్త విరేచనాలు, వాటితో పాటు జ్వరమో, నాడి నిమిషానికి 90 దాటడమో, రక్తహీనతో ఉంటే ఓపీ తేదీ కోసం ఎదురు చూడకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు 1955లో పెట్టిన ఆ కొలమానాన్నే ఇవాళ్టికీ వాడుతున్నాం. ఆ స్థితిలో విరేచనాలు కట్టించే మాత్రలు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇంట్లో వేసుకోవద్దు.

తెనాలి తల్లి
మే 6, మధ్యాహ్నం 2:10

డాక్టరు గారూ, నమస్కారమండి. మా అమ్మాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాదిలో మూడుసార్లు స్టిరాయిడ్ వాడవలసి వచ్చిందని పోయిన సంవత్సరం అజాథయోప్రిన్ అనే, రక్షణ వ్యవస్థను అణచే మాత్ర 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ప్రతి వారం రక్త పరీక్ష చేయించమన్నారు. మొదటి వారం చేయించాము, బాగానే ఉంది. రెండో వారం పరీక్షలున్నాయని పిల్ల వెళ్లలేదు, నేనూ పట్టించుకోలేదు. మూడో వారం తల దువ్వుతుంటే జుట్టు పిడికెళ్లతో ఊడి వచ్చింది. నీళ్లు పడలేదేమోనని షాంపూ మార్చాము. నాలుగో రోజుకు జ్వరం, నోట్లో పుండ్లు. తెల్లరక్తకణాలు 1,100కి పడిపోయాయని చెప్పి ఆసుపత్రిలో చేర్చారు. దేవుడి దయవల్ల కోలుకుంది. ఆ తరువాత జన్యుపరీక్ష చేయిస్తే ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉందన్నారు. ఆ మందు ఇక జన్మలో వాడకూడదని చీటీ మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చారు.

ఈ మందు వాడేవారెవరైనా ఆ రక్త పరీక్షలు మానవద్దని చెప్పడానికే రాస్తున్నాను. పెళ్లి, పిల్లలు అనే ఆలోచన వస్తే నాకు నిద్ర పట్టడం లేదు. సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.

సభ్య వైద్యుడు, జీర్ణకోశ విభాగం, గుంటూరు
మే 6, రాత్రి 10:45

అమ్మా, మీరు రాసింది చాలామందికి పనికివస్తుంది. మనవాళ్లలో ఈ ఎన్‌యూడీటీ15 తేడా తెల్లవారి కన్నా ఎక్కువగా కనబడుతుంది, హఠాత్తుగా జుట్టు రాలడం దానికి తొలి హెచ్చరిక. జుట్టు రాలితే మర్నాటి దాకా ఆగకుండా రక్త పరీక్ష చేయించాలి. యూరిక్ యాసిడ్ కోసం అల్లోప్యూరినాల్ వాడేవారు అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు తప్పక చెప్పాలి, రెండూ కలిస్తే ఇదే ప్రమాదం.

పిల్లల గురించి భయం వద్దు. జబ్బు నెమ్మదించి కొన్ని నెలలు నిలకడగా ఉన్నప్పుడు గర్భం దాల్చితే చాలామందికి కాన్పు మామూలుగానే జరుగుతుంది. గర్భానికి హాని చేసేది ఎక్కువగా అదుపు తప్పిన జబ్బే. మెసాలమైన్ గర్భంలోనూ కొనసాగిస్తాం. టోఫాసిటినిబ్, మెథోట్రెక్సేట్ వంటివి మాత్రం ముందుగానే మార్చాలి కాబట్టి, పెళ్లయ్యాక డాక్టరుకు ముందే చెప్పమనండి.

అరండల్‌పేట ఆడపడుచు, గుంటూరు
మే 7, ఉదయం 6:50

తెనాలి అమ్మగారూ, నా పెళ్లికి ముందే ఈ జబ్బు ఉంది. పెళ్లిచూపుల రోజునే మావారికి విడిగా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, ఇది అంటుకుంటుందా అని. కాదన్నాను. మా బాబుకు ఇప్పుడు నాలుగేళ్లు. తొమ్మిది నెలలూ మాత్రలు, ఎనీమా వాడాను. మొదట్లో సల్ఫాసలజైన్ వాడేదాన్ని కాబట్టి ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచి ఇచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే అమెరికాలో ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిందని, ఆయన సోదరులిద్దరూ పేగు జబ్బులాంటి దానితోనే పోయారని మా నాన్నగారు రోజూ మాత్ర ఇచ్చేటప్పుడు చెప్పేవారు. అమ్మాయి చదువు ఆపించకండి.

కృష్ణలంక సహజ జీవనం, విజయవాడ
మే 7, రాత్రి 8:05

మా బావమరిదికి ఫోను చేసి అడిగాను. కొలనోస్కోపీ ఎప్పుడూ చేయించలేదట. ఒక్కసారి మల పరీక్ష చేయిస్తే అమీబా ఉందన్నారట. కనుక నా ఉదాహరణ ఇక్కడికి సరిపోదని ఒప్పుకుంటున్నాను. అయితే ఆహారం గురించి డాక్టర్లు ఏమీ చెప్పరనే నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. అన్నీ తినవచ్చు అని ఒక్క మాట అనేసి తరువాతి రోగిని పిలుస్తారు. గుంటూరు జిల్లాలో అన్నీ అంటే ఏమిటో వాళ్లకు తెలియదా?

బ్రాడీపేట విశ్రాంత ఉద్యోగి, గుంటూరు
మే 7, రాత్రి 9:30

ఈ మాటలో న్యాయం ఉంది. నేను మొదటి రెండేళ్లు భయంతో కారం, పులుపు, పాలు, పప్పు, ఆకుకూర అన్నీ మానేసి, మజ్జిగన్నంతో ఎముకల గూడులా తయారయ్యాను. తరువాత ఆహార నిపుణురాలు ఒకావిడ నాచేత రెండు నెలలు నోటుపుస్తకంలో రాయించారు. ఒక పేజీలో తిన్నది, ఎదురు పేజీలో మర్నాటి సంగతి. చివరికి తేలిందేమిటంటే, జబ్బు నెమ్మదించి ఉన్నప్పుడు ఆవకాయ బద్ద అన్నంలో కలుపుకుంటే నాకు ఏమీ కాదు, గ్లాసుడు పాలు తాగితే మాత్రం కడుపు ఉబ్బరించి పరుగెత్తిస్తుంది. పెరుగు పడుతుంది. గోంగూర పడుతుంది, పచ్చిమిరప బజ్జీ పడదు. జబ్బు పెచ్చరిల్లినప్పుడు మాత్రం గింజలు, తొక్కలు, పీచు ఎక్కువగా ఉన్నవి పక్కన పెట్టి మెత్తటి అన్నం, పల్చటి పప్పుకట్టు, గుడ్డు, అరటిపండు, ఓఆర్ఎస్ మీద ఉంటాను. ఇది నా కడుపు లెక్క, మీ పుస్తకం మీరు రాసుకోవాలి.

సభ్య వైద్యుడు, జీర్ణకోశ విభాగం, గుంటూరు
మే 8, ఉదయం 7:00

ఫిర్యాదు స్వీకరించాను. ఓపీలో ఒక్కొక్కరికి దొరికే ఐదారు నిమిషాల్లో ఆహారం చివరికి నెట్టబడుతుందన్నది నిజం. పెద్దాయన రాసిన దానికి నేను చేర్చవలసింది తక్కువ. ఏ ఒక్క పథ్యమూ ఈ జబ్బును నయం చేస్తుందని రుజువు కాలేదు, కారం వల్ల ఈ జబ్బు రాదు. అనవసరమైన పథ్యంతో మాంసకృత్తులు, ఇనుము తగ్గిపోయి వచ్చేవారిని చూస్తుంటాను. జబ్బు చురుకుగా ఉండి హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువైతే ఇనుము మాత్రల కన్నా నరం ద్వారా ఇవ్వడమే మేలు.

గన్నవరం ప్రయాణికుడు
మే 9, రాత్రి 9:15

నాకు పెద్దపేగు మొత్తానికి ఉంది, మెసాలమైన్, అజాథయోప్రిన్ రెండూ చాలలేదు. రెండేళ్లుగా రక్షణ వ్యవస్థను అణచే అడాలిముమాబ్ సూది పదిహేను రోజులకొకసారి పొట్ట మీద నేనే వేసుకుంటున్నాను. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ రక్త పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష చేయించారు. ఒంట్లో నిద్రాణంగా క్షయ ఉందని తేలడంతో, నివారణ మందు మొదలుపెట్టి నెల దాటాకే మొదటి సూది వేశారు. జబ్బు ముదురుతుంటే ఈ నెల ఆలస్యం ఏమిటని అప్పుడు గొడవపడ్డాను. ఈ సూదులు నిద్రపోతున్న క్షయను లేపగలవని తరువాత అర్థమైంది. కొత్తగా వాడబోయేవారు టీకాల సంగతి కూడా ముందే అడగండి, బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు ఇవి మొదలుపెట్టాక వేయరు.

సూదిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి ఫ్రీజరు గోడకు ఆనించి పెట్టి ఒక సూది నాశనం చేసుకున్నాను. దాని ఖరీదు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, అది వేరే మంట. ఇంకొక మాట. ఆర్టీసీ బస్సులో గుంటూరు వెళ్లాలంటే ఒకప్పుడు వణికేవాణ్ని, మరుగుదొడ్డి ఉంటుందని రైలే ఎక్కేవాణ్ని. మొన్న బస్సులో కిటికీ పక్కన కూర్చొని మంగళగిరి దాకా నిద్రపోయాను.

పటమట లెక్చరర్, విజయవాడ
మే 21, రాత్రి 8:30

అందరికీ కృతజ్ఞతలు. పద్దెనిమిదో తేదీన డాక్టరు గారిని కలిశాను, అమ్మను కూడా వెంట తీసుకువెళ్లాను. మందు మానిన సంగతి లోపలికి వెళ్లగానే మొదటి మాటగా చెప్పాను, ఎందుకంటే రెండో మాట దాకా ఆగితే చెప్పలేనని తెలుసు. ఆయన కోప్పడలేదు. ఎందుకు మానారని అడిగారు. మరకలు, రేటు, రాత్రి పదకొండింటికి పేపర్లు దిద్ది పడుకునేటప్పుడు ఓపిక లేకపోవడం, అన్నీ చెప్పాను. కాల్‌ప్రొటెక్టిన్ చేయిస్తే 310 వచ్చింది. రక్తం లేదు, నొప్పి లేదు, లోపల మాత్రం నిప్పు పూర్తిగా ఆరలేదు. ఆరు రోజులు మానడం వల్లనే పెరిగిందా, ముందు నుంచే అలా ఉందా అన్నది ఇప్పుడు చెప్పలేమన్నారు, ఇంతకు ముందు పరీక్ష చేయించలేదు కనుక.

మాత్రలన్నీ ఉదయం ఒకేసారి వేసుకోవచ్చని, విడివిడిగా వేసుకున్నంత బాగానే పనిచేస్తాయని చెప్పారు. నాకు మరపుకు అదే మందు. సపోజిటరీ రోజూ రాత్రి, మూడు నెలలు. ఆగస్టులో మళ్లీ కాల్‌ప్రొటెక్టిన్, అది 100 లోపు వస్తే వారానికి మూడు రాత్రులకు తగ్గించే ఆలోచన చేద్దామన్నారు. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు నిండాక క్యాన్సర్ కోసం కొలనోస్కోపీలు క్రమంగా చేయించాలని కూడా చెప్పారు. ఆ మాటకు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన అమ్మ వైపు తిరిగి, అందుకేనమ్మా మంటను ఇప్పుడే ఆర్పాలంటున్నాను అన్నారు. పసరు మాట ఆవిడ ఇంటికి వచ్చాక ఎత్తలేదు. మామయ్య మాత్రం ఎత్తుతూనే ఉన్నారు.

సూర్యారావుపేట వారికి ఒక ప్రశ్న. మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం కరెంటు పోతోంది, ఫ్రిజ్‌లో సపోజిటరీలు ఏమవుతాయి?

సూర్యారావుపేట మందుల దుకాణం, విజయవాడ
మే 22, ఉదయం 7:05

మాస్టారూ, గంటా రెండు గంటలు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచండి, ఏమీ కాదు. ఎక్కువసేపు పోయిన రోజున డబ్బాను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి తాగునీటి కుండ మీద పెట్టినా చాలు, అవి సూదుల్లాంటివి కావు. మూడు నెలలకు ఒకేసారి కొనకండి, నెలకు సరిపడా తీసుకోండి. మే పోయేదాకా మధ్యాహ్నం మాత్రం రావద్దు, ఉదయం ఎనిమిదింటికే దుకాణం తెరుస్తాము.